ఒక్కసారి కూర్చుంటా

భద్రకాళి గుడి ముందు ఉపేందర్ కొత్త కారు ఆగగానే, నిమ్మకాయలు అమ్మే ముసలమ్మ గంప వదిలేసి లేచి వచ్చింది.

పక్కన పెద్ద పెద్ద కార్లు పూజకు నిలబడి ఉన్నాయి. వాటి వంక ఆమె కన్నెత్తి కూడా చూడలేదు.

ఉపేందర్‌ది పిచ్చుక. పేరుకు తగ్గట్టే చిన్న కారు, చవక కారు. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఆ ఇంటికి వచ్చిన మొదటి కారు అదే.

షోకు కోసం కొన్నది కాదు. తల్లి విమలమ్మకు మోకాళ్లు అరిగిపోయాయి. ఆటో ఎక్కలేదు, బస్సు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆసుపత్రికి పోవాలంటే ఇద్దరు పట్టి లేపాలి.

షోరూముల్లో ఎన్ని కార్లు చూపించినా ఆమె తలుపు దగ్గరే ఆగిపోయేది. కొన్నిటిలోకి గుంటలోకి దిగినట్టు దిగాలి, కొన్నిటిలోకి అటక ఎక్కినట్టు ఎక్కాలి. పిచ్చుకలో మాత్రం మంచం మీద కూర్చున్నట్టు కూర్చుంది.

"ఇగ నన్నెవ్వలు పట్టద్దు కొడుకా" అంది.

ఆ మాటతో కారు ఖాయమైపోయింది.

ముసలమ్మ వెనక తలుపు దగ్గర నిలబడి, సీటు అంచుకు తన మోకాలు ఆనించి చూసుకుంది. తనలో తాను నవ్వుకుంది. ఉపేందర్‌కు కాస్త చిరాకేసింది. తిక్క మనిషేమో అనుకున్నాడు.

చక్రాల కింద పెట్టడానికి మంచి నిమ్మకాయలు ఏరి ఇచ్చింది. డబ్బులు వద్దంది. ఊరికే ఇస్తోందంటే ఏదో అడుగుతుందని ఉపేందర్ అనుకోనే అనుకున్నాడు. అడగనే అడిగింది.

"జర ఒక్కసారి కూసుంట బిడ్డా. కూసోని దిగుత."

ఎక్కడికీ తీసుకుపొమ్మనలేదు. ఆమె కోరిందల్లా అంతే.

ఉపేందర్ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. కొత్త మగ్గమైనా, కొత్త బండైనా పూజ అయ్యాక ముందు ఇంటి పెద్ద కూర్చోవాలి. ఆ తర్వాతే ఎవరైనా. పరాయి మనిషి ముందు కూర్చుంటే అది మాట వినదంటారు. బండి నడిపేవాడికి మాత్రం మినహాయింపు, లేకపోతే అది గుడిదాకా ఎలా వస్తుంది?

"పూజ కాలేదవ్వా. మొదలు మా అమ్మ కూసోవాలె."

"అవ్, అది న్యాయమే" అని ముసలమ్మ గంప దగ్గరికి పోయి కూర్చుంది. కోపం తెచ్చుకోలేదు. కళ్లు మాత్రం కారు మీదే పెట్టుకుంది.

పూజ అయింది. నిమ్మకాయలు చితికాయి. గుడిదాకా ఆటోలో ఇద్దరు పట్టి ఎక్కించి తెచ్చిన విమలమ్మ, ఇప్పుడు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కారులో కూర్చుంది. ఉపేందర్‌కు కళ్లనీళ్లు ఆగలేదు.

తర్వాత ఏం జరగాలో అదే జరిగింది. అక్క సునీత, మేనకోడలు మహిత, కొబ్బరికాయల సంచి, పులిహోర డబ్బా అన్నీ ఎక్కేశాయి. చిన్న కారంటే మనవాళ్లకు మరీ అలుసు. తలుపు పడినంతసేపూ ఎక్కుతూనే ఉంటారు.

ముసలమ్మ మళ్లీ లేచి వచ్చింది. లోపలికి తొంగి చూసింది. చోటు లేదు.

ఉపేందర్ మొహమాటపడ్డాడు. "ఇంకోసారి వస్తనవ్వా. అప్పుడు నిమ్మలంగ కూసుందువు."

"మంచిది బిడ్డా. అమ్మను పైలంగ తీస్కపో."

ఆ ఇంకోసారి రాలేదు.

గుడి దారిన చాలాసార్లే పోయాడు. ఒకసారి ఆలస్యమైంది, ఒకసారి ఎండ మండిపోతోంది, చాలాసార్లు గుర్తే రాలేదు. గుర్తొచ్చి ఆగిన రోజున గంప ఉండే చోట వేరే ఆమె పూలు అమ్ముతోంది. సమ్మమ్మ శ్రావణంలోనే పోయిందని చెప్పింది. పేరు కూడా అప్పుడే తెలిసింది.

ఉపేందర్ మనసు చివుక్కుమంది. పాపం, కూర్చోబెడితే ఏం పోయేదని తనను తానే తిట్టుకున్నాడు. తర్వాత పనుల్లో పడిపోయాడు. మనుషులం అంతే కదా.

చలికాలంలో కంపెనీవాళ్లు పిచ్చుక కొన్నవాళ్లందరినీ హనుమకొండలో ఒక హాలుకు పిలిచారు. కొత్త పిచ్చుక తయారవుతోందట, ఎలా ఉండాలో చెప్పమన్నారు. కుర్రాళ్లంతా ఎత్తు తగ్గించమన్నారు. అప్పుడే స్టైలుగా ఉంటుందన్నారు. ఉపేందర్ లేచి తల్లి సంగతి చెప్పాడు. ఏం మార్చినా సరే, సీటు ఎత్తు మాత్రం ముట్టుకోవద్దని చేతులు జోడించాడు.

మీటింగు అయ్యాక, ఆ కారును డిజైన్ చేసిన ఇంజనీరు పద్మలత అతని దగ్గరికి వచ్చింది. ఆఫీసులో తానూ ఆ ఎత్తు కోసమే కొట్లాడుతున్నానంది. తన మాట నెగ్గాలంటే ఒక మనిషి కావాలని, ఆమె కోసం పొద్దుటి నుంచి వరంగల్ అంతా తిరుగుతున్నానని చెబుతూ ఫోనులో ఫొటో చూపించింది.

ఫొటోలో ఉన్నది చెక్కలతో కొట్టిన కారు. చక్రాలు లేవు, ఇంజను లేదు. అందులో సమ్మమ్మ కూర్చుని నవ్వుతోంది.

ఉపేందర్ ఫోను చేతిలోకి తీసుకుని దగ్గరగా చూశాడు.

"ఈమె పోయింది మేడం" అన్నాడు. "మీకేమైతది ఈమె?"

పద్మలత పక్కనున్న కుర్చీలో కూలబడింది.

"ఇక్కడి కాలేజీ షెడ్డులో ఈ చెక్క కారు చేసుకున్నప్పుడు ఊడవడానికి వచ్చేదండీ. మేమంతా సుఖంగా కూర్చున్నాం, ఈమె ఒక్కతే కూర్చోలేకపోయింది" అంది.

కారు తయారయ్యాక పిలుస్తామని చెప్పి కూడా ఎవరూ పిలవలేదని ఒప్పుకుంది.

"ఈమె మోకాలికి నొప్పి తెలియకుండా కూర్చునేదాకా కోసి, కొట్టి, మళ్లీ కోసి పెట్టిన ఎత్తండీ మీ అమ్మ కూర్చునేది."