పంతొమ్మిదో నిమిషం

రంగు చూసి తిట్టినవాళ్ళకి ఎదురు నిలిచిన ఆస్ట్రేలియా ఆదివాసీ ఆటగాడికి ఈరోజు ఆఖరి ఫుట్‌బాల్ మ్యాచ్. పోయిన నా కొడుకు లోకేష్‌కి ఆయనంటే ప్రాణం. కూతురు రిషిత నన్ను పట్టుబట్టి తీసుకొచ్చింది.

ముందు వరసలో ఆయన తల్లి కూర్చుంది. కొడుకు ఆట మానేస్తుంటేనే ఇంతమంది ఏడుస్తున్నారు. నా కొడుకు లోకమే వదిలి వెళ్తే మేముండే ఈ హేస్ ఊళ్ళో మా ఫ్లాట్ తలుపు తట్టిందెవరు?

ఉన్నట్టుండి ఆయన బంతిని బయటికి తన్ని చప్పట్లు కొట్టాడు. స్టేడియమంతా లేచి కొట్టింది. నేను చేతులకి కొంగు చుట్టుకుని కూర్చున్నాను.

"లేమ్మా!" అంది రిషిత.

"ఆయనకి వీళ్ళు చాలరా, నేనూ కొట్టాలా?"

"ఆయనక్కాదమ్మా. ఎన్నేళ్ళ వయసులో పోతే అన్నో నిమిషంలో కొడతారిక్కడ. ఇది పంతొమ్మిదో నిమిషం. అన్నయ్య కోసం నేనే క్లబ్బుని అడిగాను."

నేను కొంగు విప్పుకునేసరికి అందరూ ఆగిపోయారు. ఆయన తల్లి ఒక్కతే ఇంకా కొడుతోంది.