ఎర్రమందుకు పరీక్ష

“ఇందులో పాదరసం ఉంటే నా ఆకుపచ్చ రంగు నారింజకు మారుతుంది. అందరూ చూడండి,” అన్నాడు కెమిస్ట్రీ లెక్చరర్ వెంకటనారాయణ. రెండేళ్లు తంటాలు పడి తయారుచేసిన రంగు అది. దానితో ఖాజాగూడ ఊరివాళ్లను పాదరసం విషం నుంచి కాపాడదామని టాంగా కట్టించుకుని మరీ వచ్చాడు.

“సర్కార్లు మారుతయ్ గని, పాదరసం లేంది మందెట్లయితది సారూ?” అన్నాడు నాటువైద్యుడు పెంటయ్య. చెమట మాత్రం ధారగా కారుతోంది.

ఆమ్లంలో కలిపిన పెంటయ్య ఎర్రమందు మీద రంగు చుక్క పడింది. పచ్చగా పడి, పచ్చగానే ఉండిపోయింది. వెంకటనారాయణ సీసాను ఎండకెత్తి చూశాడు. అడుగున కరగకుండా మిగిలింది ఉత్త ఇటుక పొడి.

“అంటే పాదరసం లేదా?” కీళ్ల నొప్పులకు ఏడాదిగా ఆ మందే మింగుతున్న బుచ్చమ్మ లేచింది. “గింతకాలం మోసం చేసినవా పెంటయ్యా? ఇగ కోకాపేట వైద్యుని దగ్గరికే పోతం. ఆయనది అసలైన పాదరసం. నెల తిన్నడో లేదో, మా మరిదికి పండ్లన్నీ ఊడినయ్.”

జనం ఔనౌనన్నారు. వెంకటనారాయణ వాళ్ల నోళ్ల వంక చూశాడు. ఈ ఊళ్లో ఇంకా పళ్లున్నాయంటే అది పెంటయ్య మోసం చలవే.

“ఆగండమ్మా,” అన్నాడు. “మందులో లోపం లేదు. నా రంగే పాడైపోయింది.”

పెంటయ్య వెంటనే తేరుకున్నాడు. “చదువుకున్నోళ్లకు గిట్ల అయితనే ఉంటది. ఫికర్ చెయ్యకుండ్రి సారూ,” అంటూ ఓ పొట్లం విప్పి ఇచ్చాడు. “నరాలకు బలం.”

అందరూ చూస్తుండగా లెక్చరర్ దాన్ని నోట్లో వేసుకున్నాడు. పళ్ల కింద ఇటుక కరకరలాడింది.

“మంచి ఘాటుగా ఉంది,” అన్నాడు.

బుచ్చమ్మ మళ్లీ కూచుని, తన పొట్లం కోసం చెయ్యి చాపింది.