కుర్చీ చోటు

"పడవ నీ చేతిలో పెడితే డెక్కు మొత్తం కుళ్ళబెట్టావు. మీద ఒక పట్టా కప్పడానికి కూడా ఒళ్ళు వంగలేదా నీకు?"

అక్క నోటికి అడ్డు లేదు. తమ్ముడు పాత డెక్కులోంచి కోసి తీసిన చెక్కను ఆమె కాళ్ళ ముందు పడేశాడు.

"తిట్టింది చాలు. కుళ్ళు ఎక్కడ మొదలైందో చూడు."

నాలుగు స్క్రూ రంధ్రాల చుట్టూ చెక్క నల్లబడి, వేలితో గీకితే పొడిపొడిగా రాలుతోంది. అమ్మకి మోకాళ్ళు పట్టేశాక చుక్కాని దగ్గర కుర్చీ బిగించింది అక్కే. ఆ రంధ్రాల్లోంచి నీళ్ళు దిగుతాయని ఆమెకు తట్టలేదు.

"తెలిసి కూడా ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నావేం?"

"తన కుర్చీ వల్లేనని తెలిస్తే అమ్మ మళ్ళీ పడవెక్కుతుందా?"

అక్క మెత్తబడలేదు. "కొత్త డెక్కుకి ఒక్క చిల్లు పెట్టావో, చూడు."

"పెట్టేశాను. పెద్ద చిల్లులే పెట్టి ఎపాక్సీ జిగురుతో నింపాను. రాయిలా బిగిసింది. స్క్రూ దాని మధ్యలో దిగితే చెక్కకు తడి తగలదు."

ఆమె వంగి చూసింది. "అమ్మ చెయ్యి ఇప్పుడు మునుపటంత సాగదు. చుక్కాని అందదు."

"చిల్లులు జానెడు చుక్కాని వైపుకే జరిపి పెట్టాను. కావాలంటే కొలుచుకో."

అక్క కొలవలేదు.

"స్క్రూడ్రైవరు ఇటు తగలెయ్," అంది, గొంతు తగ్గించకుండానే.