తిరగబడ్డ దీవెన

నేను మా పాప లూనింగ్ గుడ్డలు పిండి తీగ మీద ఆరేస్తుంటే మా ఆయన డొమెంగ్ లోపల్నుంచి పిలిచాడు. "మారీ, తొందరగా రా. లూనింగ్ దీవెన తీసుకుంది."

తడి చేతులతోనే పరిగెత్తాను. పెద్దవాళ్ల చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకుని దీవెన తీసుకోవడం మా సమార్ దీవిలో పిల్లలకు నడక కంటే ముందే నేర్పుతారు.

"నీ చేత్తో ముక్కు తుడుచుకుని ఉంటుంది," అన్నాను.

"కాదే, నుదుటికే ఆనించుకుంది. కావాలంటే నాన్న దగ్గర చేయిస్తా చూడు."

మావయ్య కిటికీ దగ్గర వల బాగుచేసుకుంటున్నాడు. అత్తయ్య పోయినప్పటి నుంచి ఆయన చర్చి గడప తొక్కలేదు. ఇవాళ పాపకు జ్ఞానస్నానం. రమ్మని పొద్దుట్నుంచీ బతిమాలుతున్నాం.

"నాకూ దేవుడికీ మాటల్లేవు. మీరు వెళ్లి రండి," అంటాడు, అంతే.

డొమెంగ్ పాపను ఆయన ముందు కూర్చోబెట్టాడు. "తాత దగ్గర దీవెన తీసుకో తల్లీ."

మావయ్య చెయ్యి చాపాడు. పాప ఆ చేతిని పట్టించుకోలేదు. ఆయన మోకాలు పట్టుకుని మొదటిసారి లేచి నిలబడి, చొంగతో తడిసిన తన పిడికిలిని ఆయన నుదుటికి ఆనించింది.

"తిరగేసిందిరా దేవుడా," అని డొమెంగ్ పడీ పడీ నవ్వాడు.

నాకూ నవ్వు ఆగలేదు. "మావయ్యా, మిమ్మల్ని బిషప్పుగారే దీవించారు."

మావయ్య నవ్వలేదు. పాప చెయ్యి తీసేదాకా తల వంచుకునే ఉన్నాడు. తరవాత లేచి, ఉతికిన చొక్కా తొడుక్కుని, మా కంటే ముందే చర్చి దారి పట్టాడు.