హదా ఘాటు దిగే బండి

“ఇది ఒద్దన్నా. ఒరిజినలే ఎయ్యి.”

జాకీ మీద లేచి ఉన్న కారు కింది నుంచి కాలేషా తల బయట పెట్టాడు. చేతిలో కొత్త బాల్ జాయింట్ ఉంది. ముందు చక్రాన్ని బండికి పట్టి ఉంచే ముక్క అది.

“ఏందిరా బకాషూ నీ గోల? ఇదీ కొత్తదే గదా! తాయిఫ్‌లో సగం బండ్లు తిజారీ మాల్ మీదనే తిరగతాండాయి. బయటి కంపెనీది అయినంత మాత్రాన ఇరిగిపోతాదా?”

“సగం బండ్ల సంగతి నాకొద్దు. ఈ బండి రేపు హదా ఘాటు దిగల్ల.”

అల్లాబకాష్‌ది రాయచోటి. తాయిఫ్‌లో ఒక సౌదీ ఇంటి డ్రైవరు; వీసా ఇచ్చి తెచ్చుకున్న ఆ ఇంటి యజమానే అతని కఫీల్. కాలేషాది కడప, ఊరి బయట మెకానిక్ షెడ్ల పేటలో పని. మనిషి మంచివాడే, నోరే మంచిది కాదు.

బండి తొంభై మోడల్, పద్నాలుగేళ్లు నిండాయి. కొన్నాళ్లుగా మలుపు తిప్పితే చాలు, ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమంటోంది. రేపు జుమా నమాజు కాగానే కఫీల్ తల్లి, ముగ్గురు మనవలు ఈ బండిలోనే ఉమ్రాకి మక్కా వెళ్లాలి. దారిలో హదా ఘాటంటే ఒక పక్క కొండ, ఇంకో పక్క చూస్తే కళ్లు తిరిగే లోయ. అక్కడ ఆ ముక్క ఊడిందంటే చక్రం పక్కకి వాలిపోతుంది. ఇక స్టీరింగు ఎవరి మాటా వినదు.

“తిజారీ చాలని మీ బాబానే చెప్పినాడు గదా,” అన్నాడు కాలేషా. కఫీల్‌ని వాళ్లు బాబా అంటారు. “ఆయనకు లేని భయం నీకెందుకురా?”

“ఘాటు దిగేది ఆయన కాదు గదన్నా, పిల్లోల్లు. ఆ చిన్నది సీట్లో కుదురుగా కూర్చోదు. నిలబడే వస్తాది.”

“సెకండు గేర్లో నిదానంగా దిగు. నీ డ్రైవింగు నాకు తెలీదా?”

“అందరూ నిదానంగా దిగరన్నా.”

కాలేషా పకపకా నవ్వాడు. “అబ్బో, ఎదుటోళ్ల మీదకు తోస్తాండావే! ప్రాణం తీపని చెప్పురా, సిగ్గెందుకు?” అంతటితో ఊరుకున్నాడా? ఈ పిరికోణ్ణి చూడమని పక్క షెడ్డులోని పాకిస్తానీకి వినబడేలా కేకేశాడు. “భాయ్, ఇస్ డర్‌పోక్ కో దేఖో!”

అల్లాబకాష్‌కి ఒళ్లు మండింది. ఇంకో రోజైతే స్పానరు విసిరేవాడే. కోపాన్ని మింగి గడియారం చూసుకున్నాడు. కాసేపట్లో మధ్యాహ్నపు జొహర్ అజాన్ అవుతుంది, షాపుల షట్టర్లన్నీ పడతాయి. ఈరోజు గురువారం, ఒంటిపూటే. ఒరిజినల్ పార్టులు అమ్మే వకాలా ఇప్పుడు మూస్తే మళ్లీ శనివారమే తెరిచేది.

“నేను వకాలాకు పోయొస్తా. నువ్వు పాతది ఊడదీసి పెట్టు.”

“బాబా ఇచ్చిన దుడ్లకు అది రాదురా.”

“మిగతాది నేనేసుకుంటా.”

“వాళ్ల బండికి నీ దుడ్లా? మతి ఉండే మాట్లాడతాండావా?”

అప్పటికే అల్లాబకాష్ రోడ్డెక్కి పరుగు తీస్తున్నాడు.

వకాలా చేరేసరికి అజాన్ మొదలైంది. షట్టరు సగానికి దిగింది. లోపలి ఈజిప్టువాడు నమాజు వేళైందన్నట్టు చెయ్యి అడ్డం ఊపుతూ “సలా, సలా!” అన్నాడు. అల్లాబకాష్ వంగి షట్టరు కింద నుంచి లోపలికి దూరాడు. వచ్చీరాని అరబ్బీలో బతిమాలాడు. పిల్లలు వెళ్లే బండి అన్నాడు, హదా అన్నాడు, గడ్డం పట్టుకున్నంత పని చేశాడు. ఈజిప్టువాడు విసుక్కుంటూనే లోపలికెళ్లి ముక్క తెచ్చిచ్చాడు.

షెడ్డులోనే చాప పరిచి ఇద్దరూ నమాజు చేసుకున్నారు. కాలేషా మళ్లీ కారు కిందికి దూరబోతుండగా ఫోన్ మోగింది. అవతల కఫీల్. అరుపు షెడ్డంతా వినబడింది.

“ఎక్కడున్నావ్? తిజారీ వేయించుకుని రమ్మన్నాను కదా! ఇక్కడ అందరూ నీ కోసమే కాచుకుని ఉన్నారు!”

“అర్ధగంట బాబా. ఒక్క అర్ధగంట.”

ఫోన్ టప్పున తెగిపోయింది. కాలేషా మొహంలో వేళాకోళం పోయింది.

“ఒరే, ఎగ్జిట్ వీసా కొట్టి ఊరికి పంపిస్తాడ్రా నిన్ను! ఇంటికాడ ఇంతమంది నీ మీద బతకతాండారు. ఇనప ముక్క కోసం నౌకరీ పోగొట్టుకుంటావా?”

“పంపిస్తే పంపించనీ. ముందు బిగించన్నా.”

కాలేషా తిట్టుకుంటూ బిగించాడు. అల్లాబకాష్ పక్కనే గొంతుక్కూర్చుని పిన్ను వంచావా, నట్టు గట్టిగా పట్టిందా అని అడుగుతూనే ఉన్నాడు. చివరికి తానే కిందికి దూరి చేత్తో తడిమి చూసుకున్నాడు. బండి దించి, పేట చుట్టూ ఒక తిరుగు తిప్పి, మలుపులో స్టీరింగు చివరిదాకా తిప్పాడు. చప్పుడు లేదు. గుండెల మీది బరువు దిగిపోయి అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

“ఇంక నిశ్చింతగా దిగురా పిరికోడా,” అన్నాడు కాలేషా.

అల్లాబకాష్ కారు దిగొచ్చి, గ్రీజు చేతులని కూడా చూడకుండా అతన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

“ఛీ, వదల్రా! చొక్కా పాడైతాది!”

ఇంటికి చేరేసరికి కఫీల్ గుమ్మంలోనే ఉన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. అల్లాబకాష్ తల వంచుకుని అన్నీ విన్నాడు. ఈలోగా చిన్నది పరుగెత్తుకొచ్చి వెనక సీటెక్కి నిలబడింది. “కూర్చోవాలమ్మా, రేపు కూడా కూర్చోవాల,” అని దానికి తెలియని తెలుగులో చెప్పి కూర్చోబెట్టాడు.

ఆ రాత్రి విమానంలో ఊరికి పోయేందుకు పొద్దున్నే సర్దుకున్న పెట్టె అందుకుని, తాళం కొత్త డ్రైవరు చేతిలో పెట్టాడు.