ఊట చేపలు

దారాబ్ కొండల్లో ఎండిపోయిన ఊటకు మళ్ళీ నీళ్ళొచ్చాయి. అక్కడి కిల్లీ అనే చిట్టి చేపలు ఇప్పుడు తూరాన్ ఇంటి గాజుతొట్టెలోనే మిగిలాయి. వాటిని తిరిగి వదలడానికి రేపు మనుషులొస్తున్నారు.

"ఏమయ్యా, మన పిల్లలు పుట్టింటికి పోతున్నారు" అంది తూరాన్ తొట్టె వైపే చూస్తూ.

భర్త ఖొస్రో వచ్చి తొట్టె పక్కన కూర్చున్నాడు. "అవి అచ్చంగా ఆ ఊటవి కావు తూరాన్. అక్కడి మగచేపలకు నీలి చారలు సన్నగా ఉండేవి. వీటికి చూడు, ఎంత వెడల్పో! బిడ్డ పోయి నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆఖరి మగచేప చచ్చిపోయింది. పక్క లోయలోంచి వేరేదాన్ని తెచ్చి కలిపాను. రేపు వాళ్ళకు నేనే చెబుతాను."

తూరాన్ మేత డబ్బాకు మూత పెట్టింది.

"ఇద్దరం చెబుదాం. వాటి పిల్లలకు చారలు తేలినప్పుడే వేరే జాతి కలిసిందని పోల్చుకున్నాను. నీకు తెలియదేమో అనుకుని, ఈ దుఃఖం కూడా నీకెందుకులే అని ఊరుకున్నాను."