వెదురు చెయ్యి

"ఈ రికార్డు ప్లేయర్‌కు ముల్లుండే చెయ్యి ఇప్పుడు యాడా దొరకదమ్మా," అన్నాడు హిందూపురంలో రిపేరు షాపాయన.

అదెట్ల విరిగిందో ముత్యాలమ్మకు తెలీదు. ధర్మవరం తిరిగొచ్చి, మగ్గం కాడుండే వెదురు పుల్లను సన్నగా చెక్కింది. పాత ముల్లును పట్టుదారంతో కొనకు కట్టింది. బరువు సరితూగేందుకు వెనక ఒక నట్టు బిగించింది.

ఆమె మొగుడు ఏసుదాసు వయసులో చర్చి పాటలు పాడేవాడు. రికార్డుగా వచ్చింది ఒక్కటే. పోయిన ఎండాకాలం క్యాన్సరని ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పట్నుంచి మాట లేదు.

"ఇంటాండావా? నీ గొంతే," అంది ముత్యాలమ్మ, ముల్లును రికార్డు మీదికి దించి.

పాట ఇల్లంతా నిండింది. ఏసుదాసు కళ్లు మూసుకుని ఒక చరణం విన్నాడు. తర్వాత లేచి, రికార్డు గీసుకుపోకుండా వెదురు చెయ్యిని మెల్లగా ఎత్తాడు. దాన్ని ఊడబెరికి, మోకాలికి ఆనించి విరిచాడు. రికార్డును మాత్రం చొక్కాతో తుడిచి అట్టలో పెట్టాడు.

ముత్యాలమ్మ వెదురు ముక్కలు ఏరుతూ అడిగింది. "ముందుదీ నువ్వే ఇరిచినావా?"

ఏసుదాసు అవునన్నట్టు తల ఊపాడు. భుజాలు అదిరేలా ఏడుస్తున్నాడు. చప్పుడు మాత్రం లేదు.